మధుకర్ ఎడమ కన్ను

వసంతమ్మ చెప్పు కోసం చెయ్యి చాపింది. చెప్పులు బయట మెట్ల దగ్గర విడిచి వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, చేతికందిన పట్టుచీరను విసిరింది.

అది నేరుగా వెళ్లి మధుకర్ మొహానికి తగిలింది.

"ఆడపిల్ల ముంగట కన్ను కొడ్తవా? ఒక్కసారి గాదు, సూసుకుంటనే ఉన్న. నీకు అక్కచెల్లెండ్లు లేరా?"

నిజామాబాద్ గాంధీచౌక్‌లో లింబాద్రి వస్త్రాలయం చిన్న దుకాణమేమీ కాదు. పరుపుల మీద కూర్చుని చీరలు చూస్తున్న ఆడవాళ్లంతా తలలు తిప్పారు. గల్లాపెట్టె దగ్గరి నుంచి మధుకర్ తండ్రి లింబయ్య చేతులు జోడిస్తూ పరుగున వచ్చాడు.

"తప్పైందమ్మా. పిలగాడు కావాలని చేసింది కాదు. వాని కన్ను గట్లనే కొట్టుకుంటది."

"గట్లనే కొట్టుకునేదైతే నా బిడ్డ దిక్కు సూసినప్పుడే ఎందుకు కొట్టుకోవాలె?"

ఆ ప్రశ్నకు మధుకర్ దగ్గర జవాబు ఉంది. ఎవరి దిక్కు చూసినా కొట్టుకుంటుంది. ట్రాఫిక్ పోలీసును చూసినా, గుడిలో పూజారిని చూసినా, ఎదురింటి ముసలమ్మను చూసినా అంతే. ఏడాదిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాని నమ్మినవాళ్లు లేరు. అందుకే దుకాణంలో కూడా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరుగుతున్నాడు. ఈ తల్లీకూతుళ్లు నెమలిపింఛం రంగు చీర అడిగారు. నల్లద్దాల్లోంచి చూస్తే నెమలిపింఛానికీ ముదురాకుపచ్చకీ తేడా తెలియదు. ఒక్క నిమిషం అని తీశాడు. ఆ ఒక్క నిమిషం చాలింది.

వసంతమ్మ కూతురు సుకన్య మాత్రం కోపంగా లేదు. తల కొంచెం పక్కకు వంచి, రంగు పోతుందో లేదోనని చీర అంచును పరీక్షించినట్టు, మధుకర్ మొహాన్ని చూస్తోంది.

"నిద్రల గూడ కొట్టుకుంటదా?" అని అడిగింది.



"ఏందే సుకన్యా, పరాయి మొగోని నిద్ర ముచ్చట నీకెందుకు?" వసంతమ్మ గొంతు తగ్గించి అంది.

"అవ్వా, జర ఆగు. ఆయన కన్ను కొడ్తలేడు. కన్ను మూసుకున్నప్పుడల్ల పెదవి మూల గూడ పైకి గుంజుతుంది, చూడు. రెండూ ఒక్కసారే. ఇది నరం పని, మనిషి పని కాదు."

దుకాణంలో ఉన్న ఆడవాళ్లందరూ ఇప్పుడు మధుకర్ పెదవి చూడటం మొదలుపెట్టారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మేడం, నా నిద్ర సంగతి దుకాణంల అడగకండ్రి," అని కళ్లద్దాలు పెట్టుకుని వెనక గోదాంలోకి వెళ్లిపోయాడు.

సుకన్య అతను వెళ్లిన దిక్కే చూసి, లింబయ్యతో అంది. "కంటి డాక్టర్ కాదు, నరాల డాక్టర్‌కు చూపెట్టండి. స్కానింగ్ తీయించండి. భయపడేదేం ఉండకపోవచ్చు, కానీ చూపెట్టాలె."

"మొగోనికి ఎడమ కన్ను అదరుడు మంచిది కాదంటరు బిడ్డా. నవగ్రహాలకు చేయించిన. తాయెత్తు గూడ కట్టించిన."

"తాయెత్తు ఉండనియ్యండి. దాంతోపాటు డాక్టర్ దగ్గరికి గూడ పోండి."

వసంతమ్మ పొరపాటును నోటితో ఒప్పుకునే మనిషి కాదు. విసిరిన చీరను తనే తీసి, దులిపి, "ఇది కట్టియ్యి," అంది.

*

కొద్దిరోజుల తర్వాత బోధన్‌లో ఒక పెళ్లివారింటికి చీరల మూట తీసుకుని మధుకర్ బస్సెక్కాడు. బస్సులో అతను ఎప్పుడూ ఎడమవైపు కిటికీ సీటే వెతుక్కుంటాడు. అక్కడైతే అతని ఎడమ చెంపను పొలాలు తప్ప ఎవరూ చూడరు.

బస్టాండు దాటకముందే వాన మొదలైంది. చివరి నిమిషంలో తడుస్తూ ఎక్కిన అమ్మాయి బస్సంతా కలయజూసి, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క సీటు దగ్గరికి వచ్చింది. అది మధుకర్ పక్క సీటు. వచ్చింది సుకన్య.

మధుకర్ తల పూర్తిగా కిటికీ వైపు తిప్పేశాడు.

"కిటికీ మూయండి."

"గాలి ఆడ్తలేదు."

"వాన మాత్రం మంచిగ ఆడ్తుంది. ఈ లాప్‌టాప్‌ల నా నాలుగేండ్ల చదువున్నది."

మధుకర్ కిటికీ మూశాడు. అప్పటికే సగం మొహం తడిసిపోయింది. జేబురుమాలు కోసం వెతుక్కుంటుంటే సుకన్య తన చున్నీ కొసను చూసుకుని, అది అంతకంటే తడిగా ఉందని నవ్వింది.

"ఆ రోజు అందరి ముంగట అడగకుంట ఉండాల్సింది. సారీ."

మధుకర్ కిటికీ అద్దం మీది తడి తుడుస్తూ అన్నాడు. "కొట్టుకుంటది."

"ఏంది?"

"నిద్రల గూడ. మా అవ్వ చెప్పింది."

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వులో అతను మొహం దాచుకోవడం మరిచిపోయాడు. తల తిప్పి ఆమెను సరిగా చూశాడు. కనుబొమ్మల మీద వాన చినుకులు అలాగే ఉన్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాసే లేదు ఆమెకు. మనుషుల్ని చూడగానే ఏ రంగు నప్పుతుందో చెప్పగల మధుకర్‌కు ఆమె విషయంలో మాత్రం ఒక్క రంగూ తోచలేదు. అన్నీ బాగుంటాయనిపించింది.

"మీరు డాక్టరా?"

"కాదు. డిచ్‌పల్లి యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్న. నరం చివర ఏం జరుగుతదో, గదే నా చదువు."

"ఏం జరుగుతది?"

మర్యాదకు అడిగాడేమోనని సుకన్య అతని వంక చూసింది. ఇంట్లో, ఊళ్లో ఇలా అడిగినవాళ్లంతా రెండో వాక్యానికే ఆవలిస్తారు. మధుకర్ ఆవలించేలా లేడు.

"కన్ను మూసుకో అని మెదడు చెప్పిందనుకోండి. ఆ మాట నరం వెంట కరెంటు లెక్క వస్తది. నరం చివరిదాక వచ్చి ఆగిపోతది. నరానికీ కండకూ నడుమ సందుంటది."

"మరెట్ల దాటుతది?"

"నరం చివర చిన్న చిన్న బుడగలుంటయ్. వాటి నిండ రసాయనం. కరెంటు రాంగనే బుడగలు నరం గోడకు కలిసిపోయి తెరుచుకుంటయ్. రసాయనం సందులకు వచ్చి అవతల కండను తాకుతది. కన్ను మూసుకుంటది."

"బుడగ వట్టిగనే గోడకు కలుస్తదా?"

"వట్టిగ కలవదు. బుడగ పొరల ఒక ప్రోటీన్ ఉంటది, గోడ పొర దిక్కు రెండు ఉంటయ్. మూడూ జడ అల్లినట్టు అల్లుకొని బుడగను గోడ మీదికి గుంజుతయ్."

మధుకర్ మూడు వేళ్లను జడలా మెలేసి చూసుకున్నాడు. "కరెంటు వచ్చినంక అల్లుకునుడు మొదలువెడ్తయా, ముందే అల్లి పెట్టుకుంటయా?"

"సగం ముందే అల్లుకొని తయారుగ ఉంటయ్."

"అంత తయారుగ ఉంటే ఊకెనే తెరుచుకోవాలె గదా. మరి ఆపేదెవరు?"

సుకన్య అతని వైపు పూర్తిగా తిరిగి చూసింది.

"తప్పడిగిన్నా?"

"లేదు," అందామె నెమ్మదిగా. "నా థీసిస్ మొత్తం గదే. నాలుగేండ్లల్ల లాబ్ బయట ఇంకెవ్వరూ ఈ ప్రశ్న అడగలే."

ఆ ఆపే ప్రోటీన్ పేరు సినాప్టోటాగ్మిన్ అని చెప్పింది. గిసొంటి పేరు మేము చీరలకు గూడ పెట్టం అన్నాడు మధుకర్. ఆమె నవ్వుతూనే చెప్పింది. అది బుడగ పొరలోనే పాతుకుని ఉంటుంది. వేళ కాకముందు బుడగను తెరుచుకోనివ్వదు. కరెంటుతోపాటు కాల్షియం లోపలికి వచ్చి తాకగానే, ఇంతసేపూ ఆపిందే తెరుచుకునేలా చేస్తుంది.

"నాకు గది పాడైందా మరి?"

"మీ బుడగలు మంచిగనే ఉన్నయనుకుంట. మీకు నరాన్ని మధ్యల ఏదో ఒత్తుతున్నట్టుంది. అందుకే పిలవకున్నా కరెంటు వస్తుంది. కానీ నేను డాక్టర్‌ను కాదు. నా మాట నమ్మి కూసోవద్దు, పోయి చూపెట్టుకోండి."

ఆమె చెప్పినంత సేపూ వాన పడుతూనే ఉంది. కిటికీ అద్దానికి అవతల చెరుకు తోటలు పచ్చగా కరిగిపోతున్నాయి. బస్సు ఎక్కడెక్కడ ఆగిందో మధుకర్‌కు తెలియలేదు. సుకన్య లేచి బ్యాగు సర్దుకుంటుంటే బయటికి చూశాడు. రుద్రూర్, సుకన్య వాళ్ల ఊరు. బోధన్ ఎప్పుడో వెనకబడిపోయింది. చీరల మూట ఇంకా అతని ఒళ్లోనే ఉంది.

*

స్కానింగ్‌లో గడ్డలూ గిడ్డలూ ఏమీ లేవు. మెదడు అడుగున ఒక రక్తనాళం వంకర తిరిగి మొహం నరాన్ని తాకుతోంది. ఆపరేషన్ ఒక దారి అనీ, ముందు సూదులతో చూద్దామనీ నరాల డాక్టర్ చెప్పాడు. సూదిలో ఉండేది బాక్టీరియా చేసే విషమే కాని, చాలా కొద్దిగా ఇస్తామని కూడా చెప్పాడు.

విషం అన్న మాట దగ్గరే లింబయ్య ఆగిపోయాడు.

"కన్ను కొట్టుకుంటే కొట్టుకోని. విషమైతే వద్దు," అని కొడుకును ఇంటికి తీసుకొచ్చాడు. మళ్లీ గోదాం, మళ్లీ నల్లద్దాలు.

బస్సు దిగేముందు సుకన్య ఇచ్చిన నంబరుకు మధుకర్ ఫోన్ చేశాడు. మరుసటి రోజే ఆమె డిచ్‌పల్లి నుంచి దుకాణానికి వచ్చి లింబయ్య ఎదురుగా పరుపు మీద కూర్చుంది.

"మామయ్యా, ఆ విషం ఏం చేస్తదో చెప్త, వినండి. నరం గోడ దిక్కున్న ప్రోటీన్లల్ల ఒకదాన్ని కత్తిరిస్తది. అల్లిక కుదరదు. అల్లిక లేకుంటే బుడగ తెరుచుకోదు. నరం ఎంత అరిచినా కండకు వినపడదు. సూది పడ్డ కాడనే అట్లయితది. మిగతా మొహం ఎప్పటిలెక్కనే ఉంటది."

"కత్తిరిచ్చినంక కన్ను మూసుకోకుంటనే పోతదా?"

"డాక్టర్ కొలత చూసి ఇస్తరు. కొన్ని రోజులు రెప్ప బరువుగ అనిపియ్యొచ్చు."

"మల్ల రాకుంటనైతే పోతది కదా?"

"వస్తది," అంది సుకన్య. "మూడు నాలుగు నెలలకు నరం కొత్త ప్రోటీన్ తయారు చేసుకుంటది. మల్ల సూది తీసుకోవాలె. పూర్తిగ పోతదని నేను చెప్పలేను."

లింబయ్య తల పంకించాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"తాయెత్తు కట్టినోడు జన్మల రాదన్నడు. ఈ బిడ్డ నాలుగు నెలలకు వస్తదంటుంది. నేను ఈ బిడ్డనే నమ్ముత."

డాక్టర్‌కు చూపడానికని సుకన్య ఆ రోజే అతని మొహాన్ని ఫోన్‌లో వీడియో తీసింది. సూది వేయించుకున్న వారం లోపలే ఒక పొద్దున మధుకర్ గడ్డం గీసుకుంటూ ఆగిపోయాడు. అద్దంలో ఎడమ కన్ను నిమ్మళంగా ఉంది. రెప్ప కొద్దిగా వాలినట్టుంది, అంతే. అతను అలాగే సబ్బు నురగతో నిలబడి, ముందు అవ్వను పిలిచాడు. తర్వాత సుకన్యకు ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తాక ఏం చెప్పాలో తెలియక, "చూస్తున్న," అన్నాడు.

"ఏం చూస్తున్నరు?"

"నన్నే."

*

మంచిగా సాగుతున్న ముచ్చటను ఒక స్లైడ్ చెడగొట్టింది.

బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతూ సుకన్య అడిగింది. "మందుకు ముందు డాక్టర్‌కు చూపెట్టనీకి మీ వీడియో తీసిన గదా. పీహెచ్‌డీ వైవాల మొదటి స్లైడ్‌గ పెట్టుకోవచ్చా?"

మధుకర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అంటే నేను మీకు స్లైడ్‌నా?"

"గట్ల కాదు. మీ కథతోని మొదలువెడితే అందరికీ సమజైతదని."

"దుకాణంల అందరూ చూసిండ్రు. ఇగ ప్రొఫెసర్లు గూడ చూడాలె."

సుకన్య లేచింది. "వద్దంటే వద్దు," అని బ్యాగు తీసుకుని బస్సు వైపు నడిచింది. ఆ తర్వాత ఆమె ఫోన్ చేయలేదు. అతనూ చేయలేదు. రోజూ చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం.

డిసెంబర్‌లో వసంతమ్మ ఒక్కతే దుకాణానికి వచ్చింది. ఈసారి నేరుగా మధుకర్ ముందే కూర్చుంది.

"పిల్లకు పెద్ద పరీక్ష ఉన్నదట. అందరి ముంగట నిలవడి చెప్పాలెనట. డ్రెస్సే ఏసుకుంటనంటది. నువ్వే ఒక చీర ఇయ్యి బిడ్డా, అది కాదనలేనిది."

మధుకర్ పట్టుచీరల వైపు వెళ్లలేదు. నీలం రంగు నారాయణపేట నూలు చీర తీసి ముందు పరిచాడు. సన్నటి అంచు, ఏ హడావిడీ లేదు.

వసంతమ్మ దాన్ని చేత్తో రాస్తూ అంది. "నువ్వు గూడ రారాదు. మా ఆయనకూ నాకూ అండ్ల ఒక్క ముక్క సమజ్ గాదు. నీకు దాని సదువు తెలుసునట గదా, పక్కన కూసొని జర సెప్పు."

"నాకు తెలుసని ఎవరు చెప్పిండ్రు?"

"అదే సెప్పింది. నీ మీద కోపంల ఉండి సెప్పింది."

*

సెమినార్ హాల్లో చివరి వరుసలో మధుకర్ కూర్చున్నాడు. పక్కన సుకన్య తండ్రి భోజన్న. చెరుకు కోతల మధ్యలో వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ మడతలు విప్పకుండానే తొడుక్కున్నట్టుంది. చేతుల మీద చెరుకాకు గీతలు.

వేదిక మీద సుకన్య నీలం చీరలో నిలబడింది. మొదటి స్లైడ్ వచ్చినప్పుడు మధుకర్ ముందుకు వంగాడు. తెర మీద నరం చివర బొమ్మ మాత్రమే ఉంది. ఎవరి మొహమూ లేదు.

"ఏమంటుంది?" భోజన్న వంగి అడిగాడు.

"బాపూ, చెరుకు మోపు ఎట్ల కడ్తరు మీరు?"

"రెండు ఆకులు పేని, మెలివెట్టి బిగిస్తం."

"నరం లోపల గూడ గదే పని. బుడగ దిక్కు నుంచి ఒక ఆకు, గోడ దిక్కు నుంచి రెండు. మెలివడ్డకొద్దీ బుడగ గోడకు దగ్గరైతది. గోడకు కలిసిందంటే అండ్లున్నది బయటికొస్తది. గప్పుడే మనం చెయ్యి లేపుతం, కన్ను మూస్తం, మాట్లాడుతం."

"మరి నా బిడ్డ ఏం సేసింది?"

"మెలి పూర్తిగ పడకుంట ఒకటి పట్టుకొని ఉంటది. వేళ వచ్చిందాక పట్టుకుంటది, వేళ రాంగనే విడుస్తది. గది ఎట్ల పట్టుకుంటదో మీ బిడ్డ కనిపెట్టే పని చేసింది. లాబ్‌ల కొవ్వుతోటి ఉత్తుత్తి బుడగలు చేసి, అండ్ల గా ప్రోటీన్ పెట్టి చూసింది, తీసి చూసింది."

"గది లేకుంటే?"

"వేళగాని వేళ తెరుచుకుంటయ్. తెరుచుకోవాల్సిన వేళకు సరిగ తెరుచుకోవు."

భోజన్న తల ఊపాడు. వేదిక మీద కూతురు చెయ్యి చాపి ఏదో గీత చూపిస్తుంటే, ఇప్పుడు ఆ గీతను కూడా శ్రద్ధగా చూశాడు.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కష్టమైన ప్రశ్నే అడిగాడు. కృత్రిమ బుడగల్లో కనిపించింది నిజమైన నరంలో కూడా అలాగే జరుగుతుందని ఎలా చెప్పగలవని. 

"చెప్పలేను సార్," అంది సుకన్య. "నా ప్రయోగం ఇక్కడివరకే తీసుకొచ్చింది. నరంలో చూడటం తర్వాతి పని. ఎలా చూడాలో మాత్రం చెప్పగలను." చెప్పింది కూడా.

మధుకర్‌కు లింబయ్య ముందు కూర్చుని "వస్తది" అన్న సుకన్యే మళ్లీ కనిపించింది. తెలిసింది తెలిసినంతే చెప్పే మనిషి. ఇంతమంది పెద్దల ముందు కూడా అంతే. పరీక్షకుడు కళ్లద్దాలు తీసి నవ్వాడు.

హాలు బయట అందరూ చేతులు కలుపుతున్నారు. వసంతమ్మ కూతురి బుగ్గలు నిమురుతోంది. భోజన్న మాత్రం నేరుగా కూతురి దగ్గరికి వచ్చి, "బుడగను వేళ దాక పట్టుకునేది, నీది గదే గదా," అన్నాడు.



"ఊళ్లె అందరడిగేటోళ్లు, నీ బిడ్డ ఏం సదువుతుందని. నరాల మీద అంటే, నర్సా అనేటోళ్లు. నాకే తెల్వకపాయె, ఏమని సెప్పుదు. ఇయ్యాల సెప్త." ఆయన కండువాతో మొహం తుడుచుకుని, "ఈ పిలగాడు సెప్పిండు," అని మధుకర్‌ను చూపించాడు.

ఆయన వసంతమ్మతో కలిసి చాయ్ వైపు నడిచాక ఇద్దరే మిగిలారు.

"వీడియో పెట్టలేదు," అన్నాడు మధుకర్.

"వద్దన్నరు గదా."

"నా కోపం స్లైడ్ మీద కాదు. మీరు నా మొహం చూసినప్పుడల్ల రోగమే చూస్తున్నరేమో అనుకున్న."

"మొదలు రోగమే చూసిన. అబద్ధం చెప్ప. బస్సుల ఆ ప్రశ్న అడిగినంక చూసుడు మారింది." "మీరు దిగాల్సింది బోధన్‌ల అని నాకు తెలుసు. మూట మీద రాసుండె."

"మరి చెప్పలే?"

"చెప్తే దిగిపోతరు గదా."

మధుకర్‌కు చాలా మాటలు ఉన్నాయి. వారాలుగా ఫోన్ చేతిలో పట్టుకుని కూడబెట్టుకున్నవి. వాటిలో ఒక్కటే బయటికి వచ్చింది. "నన్ను చేసుకుంటవా?"

"చేసుకుంట. బాపును నువ్వే అడగాలె."

చాయ్ గ్లాసుతో వెనక్కి వస్తున్న భోజన్న ఇద్దరి మొహాలూ చూశాడు. అడగకముందే సంగతి అర్థమైనట్టుంది. గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు. "మీ కులం ఏరు, మాది ఏరు. నాకైతే నా బిడ్డ సదువు నాకు సమజ్ చేసినోడు పరాయోడు కాదు. మీ బాపు ఒప్పుకుంటడా?"

"కన్ను పక్కన విషం సూది ఎక్కిచ్చేటందుకే మా బాపును ఒప్పిచ్చింది మీ బిడ్డ," అన్నాడు మధుకర్. "పెండ్లి అంతకన్న కష్టమా?"

భోజన్న గట్టిగా నవ్వాడు. "ఐతారం మీ అవ్వను, బాపును తోల్కరా. కోత కాడనే కూసొని మాట్లాడుకుందాం. మాఘంల ముహూర్తాలున్నయ్."

మాఘం అనగానే సుకన్య వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి మధుకర్ వైపు తిరిగింది. "గప్పటికి మందు పని అయిపోతది. మల్ల మొదలైతది."

"తెలుసు."

"ముందురోజే డాక్టర్ దగ్గరికి పోతే ఫాయిదా లేదు. పని చేసేటందుకు వారం పడ్తది. పెండ్లికి పదిహేను రోజుల ముందే పోదాం."

"ఎవరెవరం?" అన్నాడు మధుకర్, ఆ మాట ఇంకోసారి వినాలని.

"మనిద్దరం," అంది డాక్టర్ సుకన్య, నీలం చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ.